చేతిపని ముచ్చట్లు: వాల్వు చచ్చిందని చెప్పేది ఎవరు?



పోయిన నెల ఇదే పేజీలో జాకార్డు మగ్గం కార్డుల గురించి రాశాను. కార్డుకు చిల్లు ఉన్న చోట పడుగు పోగు లేస్తది, లేని చోట లేవదు, మన షోలాపూర్ చద్దరు మీద నెమలి అట్లనే పడుతది అని. అది చదివి మా గల్లీలో ఒక పిల్లగాడు అడిగిండు: “తాతా, ఆ చిల్లుల కార్డు మగ్గానికి తప్ప ఇంకెక్కడన్నా వాడిన్రా?” అప్పుడు నాకు జవాబు తెలియదు. ఈ నెల తెలిసింది. పాత రేడియోల వాల్వులు పరీక్ష చేసే ఒక పెట్టెలో వాడారు. ఆ పెట్టె దాకా నేను ఎట్లా పోయానో చెప్తాను. మా చిన్నమ్మ ఇంటి రేకులతో మొదలయిన ముచ్చట అది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు కాదు. నాకు రేడియో పని నేర్పిన కాక భార్య. నేను నాలుగో తరగతి దాకా చదివి, 1978లో మిల్లులో బద్లీగా చేరాను. బద్లీ బతుకు మీకు చెప్పే పని లేదు. భోంగా కొట్టక ముందే గేటు దగ్గర నిలబడాలె. ఎవరన్నా రాకపోతే లోపలికి పిలుస్తరు, అందరూ వస్తే ఇంటికి పంపుతరు. అట్లా పంపిన రోజుల్లో కన్నా చౌక్ దగ్గర కాక దుకాణంలో కూర్చునేవాణ్ణి. ట్రాన్సిస్టర్లు అప్పటికే వచ్చినయి కాని మన వాళ్ళ ఇళ్ళలో ఇంకా మర్ఫీ, ఫిలిప్స్, బుష్ వాల్వు రేడియోలు చాలా ఉండె. పాళీ దిగి వచ్చినవాళ్ళకు వివిధ భారతి లేకపోతే అన్నం దిగేది కాదు. రేడియో మూగబోతే జ్వరం వచ్చిన పిల్లను ఎత్తుకొచ్చినట్టు గుడ్డ కప్పి దుకాణానికి తెచ్చేవాళ్ళు.

కాక పోయి చాలా ఏండ్లయింది. ఆయన పోయినంక చిన్నమ్మ దుకాణం ఖాళీ చేసి, వాల్వులన్నీ పాత చీర ముక్కల్లో చుట్టి ఒక ట్రంకు పెట్టెలో సర్ది పెట్టింది. మొన్న ఎండకాలం చివర ఆమె ఇంటి పైరేకులు పగిలినయి. వానలు పడకముందే మార్చాలె. కొడుకు భివండిలో సాంచాల మీద పని చేస్తడు, అతను పంపింది తిండికే సరి. పాత రేడియోలు, వాల్వులు కొని ముంబై, పుణెల్లో సేకరించేవాళ్ళకు అమ్మే ఒక పిల్లగాడు ఉన్నడని ఎవరో చెప్తే, చిన్నమ్మ అతన్ని పిలిపించింది. నన్ను కూడా రమ్మన్నది.

నేను పోయేసరికి సాయంత్రం ఆరయింది. పిల్లగాడు తన టెస్టరు తెచ్చుకొని, పని అప్పటికే ముగించిండు. చాప మీద రెండు కుప్పలు. చిన్న కుప్పలో 17, పెద్ద కుప్పలో 41.

“అంకుల్, ఈ 17 మంచివి. ఒక్కోటి 100 ఇస్త. ఈ 41 చచ్చినయి. షోకేసులో పెట్టుకునేటోళ్ళకు పనికొస్తయి, ఒక్కోటి 10 ఇస్త. మొత్తం 2,110” అని లెక్క చెప్పిండు.

చిన్నమ్మ నా దిక్కు చూసింది. “బిడ్డా, మీ కాక ఇన్ని చచ్చిన వాల్వులు దాచిపెట్టుకున్నడా?” అన్నది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. పైసలు తక్కువ వచ్చినందుకు అడిగిన మాట కాదది. తన మొగుడు జిందగీ అంతా చెత్త కాపాడిండా అని అడుగుతున్నది.

ఇక్కడ ఆగి, వాల్వు లోపల ఏముంటదో చెప్పాలె. లేకపోతే తర్వాతి మాట పట్టుబడదు. వాల్వు అంటే గాలి తీసేసిన గాజు బుడ్డి. నట్టనడుమ హీటర్, సన్న తీగ, ఎర్రగా కాలుతది. దాని చుట్టూ పూత పూసిన చిన్న గొట్టం, పేరు కాథోడ్. అది వేడెక్కితే ఎలక్ట్రాన్లు బయటికి వస్తయి. కొంచెం దూరంలో ప్లేటు. దానికి 200, 250 వోల్టులు ఇస్తే ఆ ఎలక్ట్రాన్లను తన దిక్కు గుంజుకుంటది. ఈ రెంటికీ నడుమ సన్న తీగ చుట్టిన జాలి, పేరు గ్రిడ్. గ్రిడ్ మీద వోల్టు కొంచెం అటూ ఇటూ అయితే ప్లేటు కరెంటు చాలా అటూ ఇటూ అవుతది. దూరం నుంచి వచ్చిన సన్న పాట ఇల్లంతా వినబడేది దీనివల్లనే. ఏండ్ల తరబడి వాడితే కాథోడ్ పూత అలిసిపోతది, పాట సన్నబడుతది.

ఆ అలసట ఎంతో చూసేదే టెస్టరు. ఇందులో ముఖ్యంగా రెండు జాతులు. మొదటిది ఎమిషన్ టెస్టరు. అది గ్రిడ్డులను, ప్లేటును ఒకటిగా కలిపేసి, కాథోడ్ నుంచి కరెంటు ఎంత వస్తుందో చూసి ముల్లు కదిలిస్తది. అంతే. మనం నూలు పోగును చేత్తో గుంజి గట్టిదేనా అని చూసినట్టు. గట్టిదే కావచ్చు, కాని మగ్గం మీద నడుస్తదా లేదా అనేది నడిపితేనే తెలుస్తది. రెండో జాతి టెస్టరు అట్లా నడిపి చూస్తది. ఏ కాలికి ఇయ్యాల్సిన వోల్టు ఆ కాలికి ఇచ్చి, గ్రిడ్డును ఒక వోల్టు మారిస్తే ప్లేటు కరెంటు ఎంత మారిందో కొలుస్తది. దీన్ని మ్యూచువల్ కండక్టెన్స్ అంటరు. ఇఎల్84 అనే అవుట్‌పుట్ వాల్వు చాలా రేడియోల్లో ఉండేది. కొత్తదానికి ప్లేటు మీద 250 వోల్టులు, గ్రిడ్ మీద మైనస్ 7.3 వోల్టులు పెడితే 48 మిల్లీఆంపియర్లు నడుస్తది. గ్రిడ్ ఒక వోల్టు మారితే 11.3 మిల్లీఆంపియర్లు మారుతది. ఇంగ్లండ్‌లో ఆవో, అమెరికాలో హికాక్ కంపెనీలు ఈ రెండో జాతి టెస్టర్లకు పేరు పడ్డయి. సేకరించేవాళ్ళు ఈ రోజుకూ వాటికోసమే వెతుకుతరు.

అమెరికాలో 1950లు, 60లల్లో మందుల దుకాణాల్లో, పెద్ద కిరాణా దుకాణాల్లో వాల్వు టెస్టర్లు నిలబెట్టి ఉండేవి. ఇంటి రేడియో, టీవీ ఆగిపోతే వాల్వులు పీకి సంచిలో వేసుకొని పోయి, ఎవరికి వారే పరీక్ష చేసుకునేవాళ్ళు. చాలా వరకు అవి మొదటి జాతివే. ఆ టెస్టరు కిందనే అల్మారలో కొత్త వాల్వులు అమ్మకానికి ఉండేవి. ముల్లు ఎర్ర దిక్కు ఆగితే ఎవరికి లాభమో ఆలోచించండి.

నేనూ అట్లాంటి తప్పు ఒకటి చేశాను. 1980 కావచ్చు. మా మిల్లులోనే స్పిన్నింగ్ ఖాతాలో పనిచేసే ఒక అన్న రేడియో తెచ్చాడు. పాట బొంగురుగా వస్తుంది. కాక ఊర్లో లేడు. దుకాణంలో ఉన్నది ఎమిషన్ టెస్టరు. ఇఎల్84 పీకి పెడితే ముల్లు ఎర్ర గీత దగ్గరే ఆగింది. “అన్నా, వాల్వు చచ్చింది” అని పెద్ద మేస్త్రీ లెక్క చెప్పాను. పగార్ రోజు అతను పైసలు తెచ్చిచ్చి కొత్త వాల్వు వేయించుకున్నాడు. పదిహేను రోజులకు రేడియో మళ్ళీ వచ్చింది. కొత్త వాల్వు ప్లేటు ఎర్రగా కాలుతున్నది.

కాక విప్పి చూశాడు. అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు పాట తెచ్చే కాగితపు కెపాసిటర్ లీకయింది. అది ఆపాల్సిన పాజిటివ్ వోల్టు గ్రిడ్డు మీదికి వస్తున్నది, వాల్వు మోయలేనంత కరెంటు గుంజి కాలుతున్నది. కెపాసిటర్ మార్చి, నేను చచ్చిందన్న పాత వాల్వు కాళ్ళు తుడిచి పెట్టాడు. పాట వచ్చింది. కాళ్ళు నల్లబడి సాకెట్లో సరిగ్గా ఆనక ముల్లు లేవలేదు, అంతే. కాక నన్ను తిట్టలేదు. “టెస్టరు వాల్వును చూస్తదిరా, రేడియోను చూడది. రేడియోను చూసేటోడివి నువ్వు” అని, పైసలు చేతిలో పెట్టి ఆ అన్న ఇంటికి పంపించాడు. ఆ రాత్రి సాఖర్ పేట గల్లీలో వాళ్ళ గడప ముందు నిలబడి పైసలు వాపస్ ఇచ్చింది నేను మరిచిపోలేదు.

అందుకే చిన్నమ్మ అడిగినప్పుడు జవాబు చెప్పకుండా పెద్ద కుప్ప ముందు కూర్చున్నాను. ఒక్కోటి తీసి వెలుతురుకు పెట్టి పేరు చదివాను. యుఎల్84. యువై85. యుసిహెచ్81. మళ్ళీ యుఎల్84. కుప్పలో యు అక్షరంతో మొదలయ్యేవి 21 ఉన్నయి. చిన్న కుప్పలో అటువంటిది ఒక్కటి కూడా లేదు.

వాల్వు పేరులో మొదటి అక్షరం హీటర్ సంగతి చెప్తది. ఇ అంటే 6.3 వోల్టులు. యు అంటే 100 మిల్లీఆంపియర్ల కరెంటు మీద అన్ని హీటర్లు ఒకదాని వెంట ఒకటి గొలుసులా కలిపేవి. ట్రాన్స్‌ఫార్మర్ లేని రేడియోల్లో ఇవే ఉంటయి. వీటిలో ఒక్కో హీటరుకు ఒక్కో వోల్టు. యుసిహెచ్81కు 19, యువై85కు 38, యుఎల్84కు 45.

“బాబూ, నీ డబ్బా హీటరుకు ఎన్ని వోల్టులు ఇస్తది?” అని అడిగాను.

“రెండు బటన్లున్నయి అంకుల్. 6.3, 12.6.”

“మరి 45 కావాల్సినదానికి 12 ఇస్తే అది కాలుతదా?”

పిల్లగాడు ఏమీ అనలేదు. పక్క కార్ఖానాలో సాంచాలు నడుస్తున్నయి. నా మల్టీమీటర్ పెట్టి గోడ సాకెట్ చూస్తే 230 రావాల్సిన చోట 190 ఉంది. ఆ డబ్బాలో వోల్టు సరిచేసుకునే ఏర్పాటు లేదు. అంటే 6.3 బటన్ నొక్కితే హీటరుకు చేరేది 5.2 లెక్క. మంచి వాల్వు కూడా నీరసంగా కనబడుతది. ఇక కాళ్ళు చూస్తే దేన్నీ తుడవలేదు.

పిల్లగాని మొఖం చిన్నబోయింది. “ఈ డబ్బా అమ్మినాయన అన్నిటికీ పని చేస్తదన్నడు అంకుల్” అన్నాడు. నేను నమ్మాను. మోసగాడయితే ఆ కుప్పలు నా ముందు ఉంచేవాడు కాదు. నా ఇరవై ఏండ్ల వయసులో నేనెట్లా ముల్లును నమ్మినో అతనూ అట్లనే నమ్మాడు. ఒక వారం ఆగమన్నాను, ఆగుతానన్నాడు.

పుణెలో నాకు తెలిసిన ఒక సారు ఉన్నారు, పాత రేడియోలు సేకరిస్తరు. రెండేండ్ల కింద వారి మర్ఫీ రేడియో స్పీకరు ముందు గుడ్డ చినిగితే, పాత ముక్క చూసి అదే నేత నేసి ఇచ్చాను. అట్లా పరిచయం. వారి దగ్గర ఆవో మీటరు ఉందని తెలుసు. 58 వాల్వులను ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి, గుడ్డల సంచిలో పెట్టుకొని, పొద్దున హుతాత్మా ఎక్స్‌ప్రెస్‌లో పోయాను.

ఆవో మీటరు బరువైన పెట్టె. పైన రకరకాల సాకెట్లు, ముందర వరుసగా తొమ్మిది చిన్న చక్రాలు. వాల్వు కాళ్ళలో ఒక్కోదానికి ఒక్కో చక్రం. పుస్తకంలో చూసి అంకెలు తిప్పాలె. ఇఎల్84కు 041 230 605. సున్నా అంటే ఆ కాలికి ఏమీ లేదు. 1 కాథోడ్, 2, 3 హీటర్, 4 గ్రిడ్, 5 స్క్రీన్, 6 ప్లేటు. ఒక అంకె తప్పితే హీటరుకు పోవాల్సింది గ్రిడ్డుకు పోతది, వాల్వు పాడవుతది.

సారు తొందర పడలేదు. మొదలు కండ్లతో చూశారు. మంచి వాల్వు లోపల గాజుకు అద్దంలా వెండి పూత ఉంటది. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి పోయినట్టు, దాన్ని టెస్టరులో పెట్టే పనే లేదు. తర్వాత కాళ్ళు తుడిచారు. తర్వాత హీటర్ తెగిందా అని చూశారు. తర్వాత లోపల ఒకదానికొకటి తగులుతున్నయా అని చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కినంక ఒకసారి. అటువంటి వాల్వుతో ముందుకు పోతే మీటరే కాలుతది. చివరకు కొన్ని నిమిషాలు వేడెక్కనిచ్చి, ముల్లు నిలిచినంక అంకె చదివారు. ఒక్కో అంకె నాకు చూపించి, నా నోటుబుక్కులో నా చేతనే రాయించారు.

మధ్యలో చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద ఇంకో పెట్టె చూపించారు. మలార్డ్ హైస్పీడ్ వాల్వు టెస్టరు, అది కూడా ఇంగ్లండ్‌దే. దానికి చక్రాలు లేవు. ఒక్కో రకం వాల్వుకు ఒక్కో కార్డు. కార్డు నిండా చిల్లులు! ఆ కార్డు సందులో పెట్టి పిడి నొక్కితే, చిల్లులున్న చోట లోపల స్విచ్చులు కలుస్తయి, లేని చోట కలవవు. ఏ కాలికి ఎన్ని వోల్టులో అన్నీ కార్డే చెప్తది. అంకె తప్పే భయం లేదు. నాకు నవ్వు వచ్చింది. ఫ్రాన్స్‌లో లియాన్ ఊరి జాకార్డు 1804లో మగ్గానికి కట్టిన ఉపాయం వాల్వు పెట్టెలో కూర్చుంది. హికాక్ కంపెనీ కూడా ఇట్లాంటి కార్డుల టెస్టరు చేసిందని సారు చెప్పారు. మా గల్లీ పిల్లగాడికి జవాబు దొరికింది.

సాయంత్రానికి లెక్క తేలింది. 58లో 43 మంచివి. 6 నడిమివి, ఇంకొన్నాళ్ళు పాడుతయి. 9 చచ్చినవి: మూడింటిలో వెండి పూత తెల్లబడింది, నాలుగింటి హీటర్ తెగింది, రెండింటి లోపల తగులుతున్నయి. యు జాతి 21లో 18 మంచివే. చాలా వాటి మీద బెల్ అని ముద్ర ఉంది. ఫిలిప్స్ సాయంతో బెంగుళూరులో మన భారత్ ఎలక్ట్రానిక్స్ చేసినవి.

పిల్లగాడికి నా నోటుబుక్కు చూపించాను. అంకె రాసి ఉన్న వాల్వు అమ్మడం తనకూ సులభమన్నాడు, కొనేవాడు మళ్ళీ వాపస్ తేడు. కాక రేడియోకు నాలుగు ఉంచుకొని, 39 మంచివాటికి ఒక్కోదానికి 200, నడిమి ఆరింటికి ఒక్కోదానికి 50 ఇచ్చాడు. మొత్తం 8,100. రేకులన్నిటికీ చాలలేదు, మిగతాది కొడుకు పంపాడు. వానలు వచ్చేసరికి కప్పు పడింది.

మీ ఇండ్లలో కూడా అటకల మీద ఇట్లాంటి పెట్టెలు ఉండొచ్చు. అందుకే నాలుగు మాటలు. పాత రేడియోను ఉత్సాహంతో నేరుగా ప్లగ్గులో పెట్టకండి. లీకయిన కెపాసిటర్ ఒక్కటి ఉన్నా మంచి వాల్వు కాలుతది. తెలిసినవాళ్ళు సిరీస్ బల్బు పెట్టి మెల్లగా చూస్తరు. యు వాల్వులున్న రేడియో లోపలి ఇనుప చట్రానికే కరెంటు ఉండొచ్చు, చెయ్యి పెట్టకండి. వాల్వు మీద దుమ్ముంటే ముద్ర లేని చోటనే తుడవండి. ముద్ర చెరిగితే అది ఏ వాల్వో ఎవరూ చెప్పలేరు. కొనడానికి వచ్చినవాళ్ళు చచ్చిందంటే కోపం వద్దు. ఏ టెస్టరు, హీటరుకు ఎన్ని వోల్టులు పెట్టినవు, కాళ్ళు తుడిచినవా అని మూడు మాటలు అడగండి. సేకరించేవాళ్ళూ అంతే. అమ్మేవాడు బాగుందంటే సరిపోదు, అంకె అడగాలె.

చివరికి చిన్నమ్మ మాట. లెక్క చెప్పినప్పుడు, “తొమ్మిదేనా చచ్చినవి?” అని రెండుసార్లు అడిగింది. తొమ్మిదే అన్నాను. “ఆ తొమ్మిదయినా ఎందుకు పెట్టుకున్నడో” అన్నది.

తెల్లబడ్డ వాల్వు ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాను. నేను పనికి పోయిన కొత్తలో కాక నా చేతిలో పెట్టింది ఇట్లాంటిదే. “చచ్చిన వాల్వు ఎట్లుంటదో ముందు ఇది చూసి నేర్చుకో, తర్వాత ముల్లు చూడు” అన్నాడు. నాలాంటోళ్ళకు చూపించనీకే పెట్టుకున్నడు చిన్నమ్మా అని చెప్పాను. ఆమె దాన్ని చీర కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టింది.

వచ్చే నెల స్పీకరు గుడ్డ నేత గురించి రాస్తాను. అందాక సెలవు.